ధ్రువాల ఓజోను, దక్కను బెలూను

హైదరాబాదు నగర శివార్లలో, ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారానికి సమీపంలో, టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రం ఉన్నది. 1969లో నెలకొన్న ఈ కేంద్రం పేరు మన ప్రాంతంలో విన్నవారు అరుదు. వానకాలం వెనుకపట్టిన పిదప, వేసవి ముదరక ముందు, రాత్రి 8 గంటలకు ఉదయం 6.30 గంటలకు నడుమ అక్కడినుండి మహాకాయమైన ప్లాస్టిక్ బెలూన్లు లేస్తాయి. పైకి చేరి పూర్తిగా విచ్చుకొన్నపుడు వాటి వ్యాసం 50 నుండి 85 మీటర్లు. అవి 30 మొదలు 42 కిలోమీటర్ల ఎత్తున కొన్ని గంటలపాటు తేలుతాయి. క్రింద వ్రేలాడే పరికరాలు గాలినో, కాంతినో, విశ్వకిరణాలనో పరిశీలిస్తాయి. పని ముగియగానే ఆ పరికరాలు బెలూనునుండి విడివడి పారాచూటు సాయంతో నేలకు దిగుతాయి. మన ఉరుసులలో పిల్లలు కొనే బుగ్గకు, ఉర్దూ విభాగపు మిత్రులు గుబ్బారా అనేదానికి, దీనికి పైకి లేచే సూత్రం ఒక్కటే, పరిమాణమే వేరు.

ఈ బెలూనుకు, ఉత్తర ధ్రువం మీది ఓజోనుకు ఉన్న సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అంత దూరాన, మంచు తప్ప మరేమీ కనిపించని చోట ఓజోను తరిగిపోతే కోయిలకుంట్ల విద్యార్థికి పనేమి అని ఎవరైనా అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. జవాబు గాలి పయనించే మార్గంలో ఉన్నది. ధ్రువాలమీద ఓజోనును హరించే క్లోరిన్ అక్కడ పుట్టినది కాదు. అది ఉష్ణమండలపు ఆకాశంలో, అనగా మన తలలమీద ఉన్న ఆకాశంలోనే పైకెక్కి, కొన్ని సంవత్సరాలు పయనించి ధ్రువాలకు చేరుతుంది. ఆ దారి మొదటి మలుపును హైదరాబాదునుండి, చివరి మలుపును స్వీడను, నార్వే దేశాల ఉత్తరపు కొసలనుండి బెలూన్లే చూచి చెప్పినవి.

ముందుగా ఓజోనును గూర్చి నాలుగు మాటలు. మనం పీల్చే ఆమ్లజని అణువులో రెండు పరమాణువులుంటే ఓజోను అణువులో మూడు ఉంటాయి. 1840లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించి, గ్రీకు భాషలో వాసన వేయడమనే అర్థంగల ధాతువునుండి ఈ పేరు పెట్టినాడు. ఎత్తున సూర్యుని అతినీలలోహిత కిరణాలు ఆమ్లజని అణువును రెండు ముక్కలు చేస్తాయి. విడిపోయిన పరమాణువు మరొక ఆమ్లజని అణువుతో కలిసి ఓజోను అవుతుంది. ఈ విధానాన్ని 1930లో చాప్‌మన్ వివరించినాడు. అట్లా పుట్టిన ఓజోను తిరిగి అతినీలలోహిత కిరణాలనే మింగి, వాటిలో ప్రాణహాని చేసే వాటిని నేలకు రానీయదు. మనిషి చర్మం, కన్ను, పైరు ఆకు, సముద్రంలోని సూక్ష్మజీవి అన్నీ ఈ నీడలోనే పెరిగినవి.

పాఠ్యపుస్తకాలు దీనిని "పొర" అంటాయి. ఆ మాట వినగానే విద్యార్థి మనస్సులో ఒక దుప్పటి మెదులుతుంది. "రంధ్రం" అనగానే ఆ దుప్పటికి పడిన చిరుగు కనిపిస్తుంది. రెండూ సరియైన ఊహలు కావు. ఓజోను ప్రధానంగా 15 మొదలు 35 కిలోమీటర్ల ఎత్తువరకు, అతి పలుచని గాలిలో, మరింత పలుచగా చెదరి ఉంటుంది. అదంతా పోగుచేసి నేలమీది పీడనానికి తెచ్చితే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు, అంతే. దానిని 300 డాబ్సన్ ప్రమాణాలని లెక్కిస్తారు. "రంధ్రం" అనేది ఆ లెక్క మామూలుకంటె బాగా తగ్గిన ప్రదేశానికి పెట్టిన పేరే కాని, ఆవలికి తొంగిచూడగల కంత కాదు. పరీక్షలో దీనిని సరిగా వ్రాసినవారికి ఒక మార్కు అదనంగా ఇవ్వవలెనని నా అభిప్రాయం.

ఫ్రిజ్‌లో చల్లదనం కోసం ఎక్కించే గ్యాసుగా, నురుగుదిండ్ల తయారీలో, డబ్బాలలోని చిమ్ముడు ద్రవాలలో ఇరవయ్యవ శతాబ్దంలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు మండవు, విషం కావు, నీటిలో కరగవు. ఈ సుగుణాలే వాటి దోషం. వాటిని కడిగివేయడానికి వాన చాలదు, కాల్చివేయడానికి నిప్పు చాలదు. కావున అవి చెక్కుచెదరక స్ట్రాటో ఆవరణందాకా ఎక్కిపోతాయి. అక్కడ తీవ్రమైన అతినీలలోహిత కాంతికి ముక్కలై క్లోరిన్‌ను విడుస్తాయి. ఆ క్లోరిన్ పరమాణువు ఒక ఓజోను అణువును విరిచి, తాను మరల బయటపడి, మరొకదానిని విరుస్తుంది. ఈ సంగతిని 1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రజ్ఞులు లెక్కవేసి చెప్పినారు. పరిశ్రమవారు నవ్వినారు. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు ఆంగ్లేయులు దక్షిణ ధ్రువ ఖండంలోని హాలీ బే కేంద్రంలో ఏళ్ల తరబడి నేలనుండి కొలిచిన లెక్కలు ప్రకటించిన పిదప నవ్వులు ఆగినవి. అక్టోబరు మాసంలో అక్కడి ఓజోను గణనీయంగా పడిపోతున్నది.

ఇక్కడ ఒక విచిత్రం. అప్పటికే అమెరికావారి ఉపగ్రహం ఆ ప్రదేశంమీద తిరుగుతూనే ఉన్నది. కాని లెక్కలు సరిచూచే యంత్రం అంత తక్కువ అంకెలను అనుమానాస్పదాలుగా గుర్తించి ప్రక్కన పెట్టినది. ఉపగ్రహం చెడ్డదని కాదు. అంకె నిజమా కాదా అని తేల్చడానికి ఆ గాలిలోకే వెళ్లి చూచే సాధనం ఒకటి కావలెను. 1986లో హాఫ్‌మన్ బృందం మెక్‌మర్డో కేంద్రంనుండి వరుసగా బెలూన్లు వదిలినప్పుడు ఆ నష్టం ఎక్కడ జరుగుతున్నదో తేటపడినది: 12 నుండి 20 కిలోమీటర్ల ఎత్తుల మధ్య. అదే ఎత్తున చలికాలంలో మేఘాలు ఏర్పడుతాయి. మొత్తం ఎంత తరిగినదో నేలనుండి చూచే యంత్రం చెప్పగలిగినది. ఏ ఎత్తున తరిగినదో బెలూను చెప్పినది. కారణాన్ని పట్టియిచ్చినది ఈ రెండవ సంగతే.

ఆ మేఘాలు మన శ్రావణ మేఘాల వంటివి కావు. ధ్రువ ప్రాంతంలో దీర్ఘరాత్రి వేళ స్ట్రాటో ఆవరణపు గాలి ఒక పెద్ద సుడిగా తిరుగుతూ బయటి గాలితో కలియక ఒంటరిగా చల్లబడుతుంది. ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 78 డిగ్రీల ప్రాంతానికి పడిపోగానే నత్రికామ్లము, నీరు కలిసి సూక్ష్మమైన కణాలుగా పేరుకొంటాయి. దిగంతాన సూర్యకాంతి తగిలినప్పుడు ఇవి ముత్యపు చిప్ప లోపలి తళుకుతో మెరుస్తాయని చూచినవారు చెబుతారు. చూడ ముచ్చట, చేసే పని వేరు. మామూలుగా క్లోరిన్ హైడ్రోక్లోరికామ్లంగా, మరొక నత్రజని సమ్మేళనంగా కట్టుబడి ఏమీ చేయలేక ఉంటుంది. ఈ కణాల ఉపరితలంపై ఆ కట్లు తెగుతాయి. ధ్రువానికి వసంతం వచ్చి తొలి ఎండ పొడచూపగానే విడుదలైన క్లోరిన్ ఓజోను మీద పడుతుంది. చలి, మేఘం, ఎండ ఈ మూడూ వరుసగా కూడవలెను. ఒకటి లోపించినా నష్టం ఆగుతుంది.

దక్షిణ ధ్రువంలో ఈ మూడూ ఏటేటా కూడుతాయి. ఉత్తర ధ్రువం సంగతి వేరు. ఆర్కిటిక్ చుట్టూ పర్వతాలు, ఖండాలు, సముద్రాలు కలగలిసి ఉన్నందున వాటిమీదుగా పోయే గాలిలో పెద్ద అలలు లేచి, పైకి ప్రాకి, ధ్రువపు సుడిని కుదిపి వెచ్చబరుస్తాయి. అందుచేత ఒక సంవత్సరం తీవ్రమైన నష్టం, మరొక సంవత్సరం దాదాపు ఏమీ లేకపోవడం అక్కడ సహజం. ఈ అనిశ్చితివల్లనే ఆర్కిటిక్‌లో పరిశోధన కష్టసాధ్యమైనది.

కష్టం ఎక్కడున్నదో చూద్దాము. మన కుందూ నదిని ఉదాహరణగా తీసుకొందాము. వంతెన మీద నిలిచి నీటిమట్టం చూచినవాడికి నిన్నటికంటె నేడు జానెడు తగ్గినట్లు కనిపించినదనుకొనుడు. రైతుల మోటార్లు నీళ్లు తోడినందువల్లనా? ఎగువనుండి నీళ్లు రానందువల్లనా? ఒక్కచోట నిలిచి చూచినవాడు చెప్పలేడు. ఆర్కిటిక్ ఆకాశంలోని గాలి నదికంటె చంచలమైనది. ఒకనాడు ఓజోను సమృద్ధిగా ఉన్న గాలి, మరునాడు దక్షిణాన్నుండి వచ్చిన పేద గాలి తలమీద నిలుస్తుంది. అంకె తగ్గినంత మాత్రాన రసాయనం ఓజోనును తిన్నదనడానికి వీలులేదు.

దీనికి జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థకు చెందిన ఫాన్ డెర్ గాథెన్, మార్కుస్ రెక్స్ మొదలైనవారు చక్కని ఉపాయం పన్నినారు. నదిలో ఒక నీటిపాయను గుర్తుపెట్టుకొని దానివెంట నడచినట్లు, ఆకాశంలో ఒక గాలిపాయను గుర్తుపెట్టుకొని వెంబడించడమే ఆ ఉపాయం. ఒక కేంద్రం బెలూను వదిలి ఆ గాలిలోని ఓజోనును కొలుస్తుంది. గాలుల లెక్కలనుబట్టి ఆ పాయ పది దినాలలోపల ఏ దేశంమీదికి పోతుందో ముందుగానే గుణించుతారు. అది వచ్చే దినానికి అక్కడి కేంద్రానికి కబురుపోతుంది. వారు సరిగా ఆ వేళకు మరొక బెలూను వదలుతారు. ఒకే గాలికి రెండుసార్లు కొలత. నడుమ తగ్గినది ఎంతో అదే రసాయన నష్టం. గ్రీన్‌లాండు, నార్వే, ఫిన్లాండు, రష్యా, కెనడా వంటి దేశాలలోని కేంద్రాలన్నీ ఒక్క చలికాలంలో వందలకొలది బెలూన్లను ఇట్లా జతలు కూర్చి వదలినవి. 1991-92 చలికాలపు కొలతలకు ఈ ఉపాయాన్ని మొదటిసారి వర్తింపజేసి, ఫలితాన్ని 1995లో ప్రకటించినారు. ఆర్కిటిక్‌లో సైతం రసాయన నష్టం జరుగుతున్నదని అప్పుడు సందేహం లేకుండా తేలినది. అంతకంటె నచ్చే సంగతి ఒకటున్నది. ఆ గాలిపాయ చీకటిలో గడిపిన గంటలలో నష్టం లేదు. ఎండలో గడిపిన గంటలకు తగినట్లే నష్టం ఉన్నది. క్లోరిన్ సిద్ధాంతం చెప్పినది సరిగా ఇదే.

ఇందుకు వాడే బెలూను చిన్నది, రబ్బరుది. దానికి కట్టే పరికరాన్ని ఓజోను సోండు అంటారు. దాని లోపలి రసాయనం మన ఇంటర్మీడియెటు ప్రయోగశాలకు క్రొత్తది కాదు. ఒక చిన్న పంపు బయటి గాలిని పొటాషియం అయొడైడు ద్రావణంలోనికి బుడగలుగా పంపుతుంది. ఓజోను తగిలిన చోట అయొడిన్ విడుదలవుతుంది. ఆ అయొడిన్ మరల అయొడైడుగా మారే క్రమంలో ఒక్కొక్క ఓజోను అణువుకు రెండు ఎలక్ట్రాన్ల వంతున తీగలో విద్యుత్తు పారుతుంది. విద్యుత్తును కొలిస్తే ఓజోనును కొలిచినట్లే. ఆ అంకెను రేడియో క్రిందికి పంపుతుంది. 30 కిలోమీటర్లు దాటిన పిదప రబ్బరు ఇక సాగలేక పగులుతుంది. అప్పటికి పని ముగిసినది. మన దేశంలో 1960ల దశకంలో అన్నా మణి నాయకత్వాన భారత వాతావరణ శాఖవారు ఇటువంటి సోండును స్వయంగా రూపొందించుకొన్నారు. తిరువనంతపురం, పూనా, ఢిల్లీలనుండియు, తరువాత దక్షిణ ధ్రువ ఖండంలోని మన మైత్రి కేంద్రంనుండియు వాటిని ఎగురవేసినారు. యాజమాన్య సంఘంవారు అనుమతించితే మన విద్యార్థులు కూడ ఈ సూత్రాన్ని చేతితో చూడవచ్చును. పొటాషియం అయొడైడు కలిపిన గంజిలో ముంచి ఆరబెట్టిన కాగితాన్ని తడిపి, నీడలో, గాలి ఆడే చోట ఒక పూట వ్రేలాడదీస్తే, నేలమట్టపు ఓజోనునుబట్టి అది నీలివర్ణానికి తిరుగుతుంది. షోన్‌బైన్ వాడిన పద్ధతి అదే. ఖర్చు స్వల్పం.

సోండు ఓజోనును మాత్రమే చెప్పగలదు. ఓజోనును తినేదేది, అది ఎక్కడినుండి వచ్చినది అని తెలియవలెనంటే గాలినే సీసాలలో పట్టి తేవలెను. అందుకు వందలకొలది కిలోల బరువు మోసే పెద్ద బెలూను అవసరం. ఆర్కిటిక్ వైపు ఇటువంటివి స్వీడనులోని కిరూనా పట్టణం సమీపాన ఎస్రాంజ్ అనే కేంద్రంనుండి లేస్తాయి. అక్కడ పట్టిన గాలిలో ఓజోనుతోబాటు, రసాయన చర్యలకు లొంగని దీర్ఘాయువులైన ఇతర వాయువులను కూడ కొలుస్తారు. దీని వెనుకనున్న యుక్తి రైతుబిడ్డలకు సులభంగా అర్థమవుతుంది. శనగలు, జొన్నలు కలిపిన గోనెసంచికి చిల్లిపడితే రెండూ ఒకే పాళంగా తగ్గుతాయి. జొన్నలు అట్లే ఉండి శనగలు మాత్రమే తగ్గినవంటే ఎవరో ఏరుకొని పోయినట్లే. దీర్ఘాయువులైన వాయువులు జొన్నలు, ఓజోను శనగలు.

ఇప్పుడు దారి రెండవ కొసకు, హైదరాబాదుకు వద్దాము. ధ్రువాలమీది గాలి ఎక్కడినుండి వస్తుందనే ప్రశ్నకు సమాధానం 1949లో బ్రూవర్, 1956లో డాబ్సన్ చెప్పినారు. క్రింది గాలి స్ట్రాటో ఆవరణంలోనికి ప్రవేశించే ప్రధాన ద్వారం ఉష్ణమండలం. అక్కడ గాలి మెల్లగా పైకెక్కి, ఉత్తర దక్షిణాలకు ప్రాకి, ధ్రువాలమీద క్రిందికి దిగుతుంది. ఈ యాత్రకు నాలుగైదు సంవత్సరాలు పడుతుంది. అనగా ఈ వసంతంలో ఆర్కిటిక్‌మీద ఓజోనును కొరికే క్లోరిన్ కొన్నేళ్ల క్రిందట ఉష్ణమండలపు ఎత్తులలో ఉండెను. ఆ గాలిని దారిలోనే పట్టి చూడదలచినవారికి భూమధ్యరేఖకు చేరువగా ఉన్న పెద్ద బెలూను కేంద్రం కావలెను. అటువంటివి ప్రపంచంలో బహు తక్కువ. హైదరాబాదు వాటిలో ముఖ్యమైనది.

1987లో అహమదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాలవారు జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థవారితో కలిసి హైదరాబాదునుండి గాలిని పట్టే పరికరాన్ని ఎగురవేసినారు. 1990లోను, 1994లోను ఆ పని మరల జరిగినది. పరికరం పనిచేసే తీరు వినదగినది. గాలిని పూర్తిగా తీసివేసి మూతలు బిగించిన ఉక్కు గొట్టాలను అతిశీతలమైన నియాన్ ద్రవంలో ముంచి పైకి పంపుతారు. ఆ ద్రవపు చలి సున్నాకు దిగువ 246 డిగ్రీలు. నిర్ణీతమైన ఎత్తున ఒక గొట్టం మూత తెరుచుకొంటుంది. లోపలికి వచ్చిన గాలి గోడలకు తగిలి అక్కడికక్కడే గడ్డకడుతుంది; లోపల మరల శూన్యమే మిగులుతుంది గనుక ఇంకా గాలి వచ్చి చేరుతూనే ఉంటుంది. ఆ ఎత్తున గాలి అంత పలుచన అయినా, ప్రయోగశాలలో పరీక్షించడానికి చాలినంత ఈ విధంగా పోగవుతుంది. తరువాత ఆ మూత మూసి, మరొక ఎత్తున మరొక గొట్టం తెరుస్తారు.

ఈ గొట్టాలు చెప్పిన కథ స్పష్టమైనది. క్లోరోఫ్లోరోకార్బన్లు ట్రోపో ఆవరణమంతటా దాదాపు సమంగా ఉండి, 20 కిలోమీటర్లు దాటిన పిదప ఎత్తుతోబాటు తరిగిపోతున్నవి. వాటిలో పదకొండవ సంఖ్య గలది త్వరగా, పన్నెండవ సంఖ్య గలది నెమ్మదిగా తరుగుతున్నది. తరగడమంటే మాయం కావడం కాదు. అతినీలలోహిత కాంతికి విరిగి క్లోరిన్‌గా మారడం. ఏ ఎత్తున ఏ వాయువు ఎంత విరుగుతున్నదో తెలిస్తే, ధ్రువాలకు చేరే గాలి తనతో ఎంత క్లోరిన్ మోసుకొని పోతున్నదో లెక్కవేయవచ్చును. కిరూనాలో కొలిచిన అంకెకు అర్థం చెప్పే అంకె హైదరాబాదులో దొరికినది.

ఇక్కడ బెలూను ఎగురవేయడం స్వీడనులో ఎగురవేసినంత తేలిక కాదు, పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. మన నేల వేడిది, కాని మన ఆకాశపు నడిమి అంతస్తు అతి చల్లనిది. ఉష్ణమండలంలో సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 80 డిగ్రీలకు పైగా పడిపోతుంది. కాగితంకంటె పలుచనైన ప్లాస్టిక్ పొర ఆ చలిలో బిరుసెక్కి అప్పడంవలె పగిలిపోతుంది. చల్లని దేశాలలో ఆ ఎత్తు ఇంత చల్లగా ఉండదు గనుక అక్కడికి సరిపోయిన బెలూను ఇక్కడ చెడుతుంది. మనవారు అందుకని ఈ చలికి తట్టుకొనే ప్లాస్టిక్ పొరను, అంతరిక్ష అనే పేరుతో ప్రత్యేకంగా రూపొందించుకొని, బెలూన్లను తామే కుట్టుకొంటున్నారు. ఆ బెలూన్లను నేలమీద నింపుగా నింపరు. 30 కిలోమీటర్ల ఎత్తున పీడనం నేలమీది దానిలో సుమారు వందవ వంతు. లోపలి హైడ్రోజన్ పదుల రెట్లు, ఇంకా ఎత్తున వందల రెట్లు ఉబ్బుతుంది. కావున లేచేటప్పుడు పైకొసన మాత్రమే ఒక చిన్న ముద్దగా వాయువు నిలిచి, మిగిలిన ప్లాస్టిక్ అంతా పొడుగాటి చీరవలె వ్రేలాడుతుంది.

అసలు ఈ విద్యను ఆరంభించినది ఓజోను కోసం కాదు. హోమీ భాభా విశ్వకిరణాల పరిశోధనకై బెంగుళూరులో రబ్బరు బెలూన్ల గుత్తులతో మొదలుపెట్టినాడు. తరువాత ప్లాస్టిక్ బెలూన్లు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణనుండి లేచినవి. అటుపిమ్మట శాశ్వత కేంద్రం. భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున తక్కువ శక్తిగల కిరణాలు ఇక్కడికి రావు, ఎక్కువ శక్తిగలవి శుభ్రంగా కనిపిస్తాయని ఆయన ఎంచినాడు. ఒక శాస్త్రం కోసం కట్టిన మెట్లమీద మరొక శాస్త్రం ఎక్కిపోవడం ఇట్లాగే జరుగుతుంది. 2005 ఏప్రిల్‌లో 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగుల బెలూను, 459 కిలోల పరికరాలను మోసుకొని, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తుల గాలిని తెచ్చినది. హైదరాబాదు కణజీవశాస్త్ర కేంద్రంలో శివాజీ బృందం మొదలైనవారు పరీక్షించగా అందులో అంతకుముందెన్నడు ఎరుగని మూడు రకాల సూక్ష్మజీవులు దొరికినవి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టినారు. అతినీలలోహిత కాంతికి ఓర్చుకొనే జీవులవి. 2015 తరువాత అమెరికా, భారత శాస్త్రజ్ఞులు ఋతుపవనాల వేళ ఆసియా మీద ఏర్పడే ధూళిపొరను సైతం హైదరాబాదునుండి బెలూన్లతోనే పరిశీలించినారు.

ఉత్తరాన ఏమి జరిగినదో చెప్పవలసి ఉన్నది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరంలో కుదిరిన ఒడంబడిక ప్రకారం దేశాలు ఈ వాయువులను మాన్పసాగినవి. భారతదేశం 1992లో అందులో చేరి, 2010 నాటికి క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని నిలిపివేసినది. మన ఊరి మెకానికు పాత ఫ్రిజ్‌లో ఎక్కించిన గ్యాసు వేరు, ఇప్పటి ఫ్రిజ్‌లో ఎక్కించేది వేరు అనడానికి కారణమిదే. అయినను ఒకసారి ఎక్కిన వాయువు దశాబ్దాలపాటు దిగదు. 2011 వసంతంలో ఆర్కిటిక్‌మీద 18-20 కిలోమీటర్ల మధ్య ఓజోను నూటికి 80 పాళ్లు నశించినది. 2020 వసంతంలో అంతకు మించినది: 18 కిలోమీటర్ల ప్రాంతంలో కొన్నిచోట్ల నూటికి 90 పాళ్లకు పైగా పోయినది. ఆ సమయంలో పోలార్‌స్టెర్న్ అనే జర్మనీ ఓడ ఆర్కిటిక్ మంచులో కావలెనని చిక్కుకొని, మంచుతోబాటు కొట్టుకొనిపోతూ, పైకి ఓజోను బెలూన్లు వదలుతూ ఉన్నది. వాటి సోండులు ఆ ఎత్తుకు చేరినపుడు ఓజోను దాదాపు లేదని చెప్పినవి. ఒడంబడిక లేకపోయియుంటే నష్టం ఇంకెంత ఉండెడిదో ఊహించుకొనవచ్చును.

ఆర్కిటిక్ ఓజోను 1980 నాటి స్థాయికి 2045 ప్రాంతంలో తిరిగి చేరగలదని 2022నాటి అంతర్జాతీయ అంచనా. కాని ఈ అంచనా అందరూ మాట నిలుపుకొన్నపుడే. 2018లో, పూర్తిగా మానినదనుకొన్న పదకొండవ సంఖ్య వాయువు ఎక్కడో మరల విడుదలవుతున్నట్లు గాలి కొలతలవల్ల బయటపడినది. అందులో పెద్ద భాగం తూర్పు చైనానుండి వచ్చినదని 2019లో తేలినది. వేలెత్తి చూపిన పిదప అది తగ్గినది. కొలిచేవాడు లేకుంటే ఆ దొంగతనం ఎవరికి తెలియును? మరొకవైపు, నేలను వేడెక్కించే వాయువులే స్ట్రాటో ఆవరణాన్ని చల్లబరుస్తాయి. ఆర్కిటిక్‌లో చలి తీవ్రమైన సంవత్సరాలు మునుపటికంటె మరింత చల్లబడుతున్నవని రెక్స్, గాథెన్ బృందం వాదన. కావున ఉత్తర నార్వేకు ఆవల నీ-ఆలెసుండ్ గ్రామంనుండి వదలే ఓజోను బెలూన్లు నేటికీ ఆగలేదు. ఆ గ్రామంలోనే 2008 జూలై 1న ప్రారంభమైన మన దేశపు హిమాద్రి కేంద్రం ఉన్నది.

ఇక మన పొలాలకు దిగివచ్చే పరికరాల మాట. ఈ పరిశోధన అంతా చివరకు ఒక పల్లెటూరి మనిషి చేతిలో పడుతుంది. గాలిని పట్టిన గొట్టాలుగాని, అంకెలు దాచిన పెట్టెగాని భద్రంగా దొరకకుంటే కోట్ల వ్యయం, ఏళ్ల శ్రమ వ్యర్థం. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా పల్లె ఒకదానిలో ఒక విదేశీ సంస్థవారి పరీక్షా పెట్టె హైదరాబాదు బెలూనుతో లేచి పొలంలో దిగినపుడు, ఆకాశంనుండి ఏదో వింత వస్తువు పడినదని జనం గుంపులుగా మూగినారు. వారిని తప్పుపట్టలేము. ఎవరూ ముందుగా చెప్పకపోతే ఎవరమైనా అట్లే భయపడుతాము.

ఎగురవేసే కాలానికి ముందు కేంద్రంవారు వార్తాపత్రికలలో ప్రకటన ఇస్తారు. విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపురం గుండా గీసిన గీతకు అటు ఇటుగా, హైదరాబాదుకు 200 నుండి 350 కిలోమీటర్ల దూరంలో పరికరాలు దిగవచ్చునని అందులో ఉంటుంది. అంతటి ఎత్తున గాలులు ప్రధానంగా తూర్పు పడమరలుగానే వీస్తాయి. మన కోయిలకుంట్ల హైదరాబాదుకు దాదాపు నేరుగా దక్షిణాన ఉన్నది గనుక పెద్ద బెలూను మన కుందూ ఒడ్డున దిగడం అరుదు. కాని మన విద్యార్థులకు తెలంగాణలోను, కర్ణాటకలోను బంధువులున్నారు. వాతావరణ శాఖవారి చిన్న బెలూన్ల పెట్టెలు ఎక్కడైనా పడవచ్చును. రంగుల పారాచూటు, పొడుగాటి త్రాడు, దాని కొసన పెట్టెలు కనిపిస్తే వాటిని విప్పరాదు, కదిలించరాదు. కొన్నింటిలో ప్రమాదకరమైన అధిక విద్యుత్తు ఉంటుంది. దగ్గరి పోలీసు ఠాణాకో, తపాలా కార్యాలయానికో చెప్పి, పెట్టెమీద వ్రాసియున్న చిరునామాకు కబురు పంపవలెను. కేంద్రంవారు వచ్చి తీసుకొనిపోతారు. కబురు చెప్పినవారికి తగిన బహుమానం, దారి ఖర్చులు ఇస్తారు. పరికరాలను విప్పి చూచినట్లు తెలిస్తే మాత్రం ఆ బహుమానం ఉండదు.